సండే స్కూల్లో పిల్లలకు సువార్త భాగాలు చెప్పడం: కొత్త టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా చర్చి రాయలసీమలో ఒక చిన్న పట్నంలో ఉంది. అక్కడ 14 ఏళ్ళుగా సండే స్కూల్ చెబుతున్నాను. ఏటా వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల్లో పిల్లలకు పెట్టే వెకేషన్ బైబిల్ స్కూల్) ముందు కొత్తగా చేరిన టీచర్లతో కూర్చుంటాం. ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ చదివే యూత్ పిల్లలే. వాళ్ళు అడిగేవి దాదాపు ప్రతిసారీ అవే, తర్వాత వాట్సాప్‌లో వచ్చేవీ అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాశాను. నేను థియాలజీ చదవలేదు. శనివారం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక బైబిల్ తెరిచి కూర్చుంటాను, అలా నేర్చుకున్నదే ఇదంతా. మీ సంఘంలో పద్ధతి వేరేగా ఉంటే మీ అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, అడిగి మార్చుకోండి.

నాలుగు సువార్తలున్నాయి (మత్తయి, మార్కు, లూకా, యోహాను), ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్కుతో. నాలుగింటిలో అదే చిన్నది, 16 అధ్యాయాలు. అందులో యేసయ్య ఒకచోట నిలవడు, ఈ ఊరు దాటి ఆ ఊరు, పడవ దిగీ దిగకముందే జనం, "వెంటనే" అన్న మాట పదే పదే వస్తుంటుంది, పిల్లలకు ఆ వేగం బాగా నచ్చుతుంది. యేసయ్య పుట్టిన కథ మార్కులో లేదు కాబట్టి డిసెంబర్ వచ్చేసరికి లూకాకూ మత్తయికీ వెళ్ళండి. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు, జక్కయ్య ఒక్క లూకాలోనే ఉన్నాయి, వాటిని ఎలాగైనా మధ్యలో కలుపుకోవాలి.

కొన్ని సంఘాల్లో ఏ ఆదివారం ఏ భాగం చదవాలో ముందే క్యాలెండర్ ఉంటుంది. కేథలిక్కులకైతే మూడేళ్ళ వరస, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా, యోహాను మధ్యమధ్యలో వస్తాడు. మీకు అలాంటిది ఉంటే అదే పట్టుకోండి. పెద్దవాళ్ళు లోపల విన్నదీ పిల్లలు బయట వరండాలో విన్నదీ ఒకటే అయితే మధ్యాహ్నం అన్నాల దగ్గర మాట్లాడుకోవడానికి ఇంట్లో ఒక విషయం ఉంటుంది.

ఈ వారం నోవహు, వచ్చే వారం జక్కయ్య, ఆ పై వారం దానియేలు అని గెంతుకుంటూ పోవడం మాత్రం వద్దు. అలా ఏడేళ్ళు విన్న పిల్లల్ని అడిగి చూశాను, కథలు యాభై చెప్పారు గానీ యేసయ్య సిలువకు ముందు ఎక్కడ తిరిగాడో, ఎవరితో తిరిగాడో చెప్పలేకపోయారు.

ప్రిపరేషన్‌కి ఎంత టైమ్ పెట్టాలి?

శనివారం ఒక గంట, ఆదివారం పొద్దున ఇంకో పది నిమిషాలు. పాఠం పుస్తకం తర్వాత చూద్దురు, ముందు బైబిల్లో ఆ భాగాన్ని మూడుసార్లు చదవండి, ఒకసారైనా పైకి. మూడోసారికి మీరెప్పుడూ చూడని మాట ఒకటి కనిపిస్తుంది. అదే మీ పాఠం.

ఉదాహరణకు మార్కు 6లో ఐదు రొట్టెలు, రెండు చేపలతో యేసయ్య ఐదు వేలమందికి పెట్టిన కథ. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఒక శనివారం రాత్రి "పచ్చికమీద అందరు పంక్తులు పంక్తులుగా" అన్న దగ్గర ఆగిపోయాను. పంక్తి అంటే మనకు పెళ్ళి బంతే కదా. యేసయ్య ఆ జనాన్ని క్యూలో నిలబెట్టలేదు, పచ్చగడ్డి మీద బంతుల్లో కూర్చోబెట్టి వడ్డింపించాడు. తెల్లారి పిల్లల్ని నిజంగానే రెండు బంతులుగా కూర్చోబెట్టి ఆకులకు బదులు పాత పేపర్లు పరిచి, ఇద్దరి చేత బన్ ముక్కలు వడ్డింపిస్తూ కథ చెప్పాను. మూడేళ్ళయినా ఆ పిల్లలకు ఇంకా గుర్తుంది.

బైబిల్ భాష పిల్లలకు అర్థం కావడం లేదు. వాడుక భాష అనువాదం వాడొచ్చా?

వాడండి. వాడుక తెలుగులో అనువాదాలు దొరుకుతున్నాయి, ఫోన్‌లో కూడా ఉచితంగా చదువుకోవచ్చు. కథ చెప్పేటప్పుడు అదే సుఖం. కానీ పాత అనువాదాన్ని పూర్తిగా పక్కన పెట్టొద్దని నా కోరిక. చర్చిలో చదివేది అదే, ఇంట్లో అవ్వ ప్రార్థనలో వచ్చే మాటలూ అవే. "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి" అన్న మాటకు ఒక చెవి ఉంటుంది. చివర్లో ఆ "డి" అంటే మన "అండి" లాంటిదే, రానియ్యుడి అంటే రానివ్వండి అని ఒక్కసారి చెబితే చాలు, ఆ తర్వాత వినుడి, అడుగుడి, వెదకుడి అన్నీ వాళ్ళే విప్పుకుంటారు.

కంఠత పట్టించే ముందు మాత్రం ప్రతి మాటకూ అర్థం చెప్పి తీరాలి. యోహాను 3:16 గుక్క తిప్పుకోకుండా చెప్పే ఆరో తరగతి అమ్మాయి ఒకరోజు నన్ను ఇలా అడిగింది: "అక్కా, మా స్కూల్లో హిందీ ద్వితీయ భాష. ద్వితీయ అంటే రెండోది కదా. మరి అద్వితీయకుమారుడు అంటే దేవుడికి మొదటి కొడుకు ఎవరు?" రెండేళ్ళుగా ఆ పిల్ల ఆ ప్రశ్నను మనసులోనే పెట్టుకుని వాక్యం చెప్పి బహుమతులు తీసుకుంటోంది. అద్వితీయ అంటే రెండోవాడు లేని, ఒకే ఒక్క అని చెప్పాను. ఎంత తెరిపిన పడిందో దాని ముఖం.

మా పిల్లలంతా ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవడమే రాదు. ఇంగ్లీష్‌లో చెప్పేద్దామా?

వాళ్ళకు తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. కథ వినడానికి అక్షరాలతో పనేముంది? నోటితో తెలుగులో చెప్పండి, చదివే భాగం వచ్చినప్పుడు ఇంగ్లీష్ బైబిల్ ఉన్నవాళ్ళని అందులో చూసుకోనివ్వండి. నెలకు ఒక్క వచనం పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు కట్టండి, ఆ నెలంతా వేలు పెట్టి చదివిస్తే ఏడాదికి 12 వచనాలు. అక్షరాలు కూడబలుక్కోవడం దానితోనే మొదలవుతుంది. హైదరాబాద్‌లోనూ ఇదే సమస్య, అమెరికాలో ఉన్న తెలుగు సంఘాల్లో ఇంకా ఎక్కువ. అక్కడి పిల్లలకు ఇంగ్లీష్ లేకుండా కుదరదు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కథలో ఒకటి రెండు తెలుగు మాటలు ఉండనివ్వండి, అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు చెప్పుకోవడానికి.

మూడేళ్ళ పాప నుంచి పదో తరగతి అబ్బాయి దాకా అందరూ ఒకే గదిలో. ఏం చేయాలి?

మాదీ అదే పరిస్థితి. కథ అందరికీ కలిపి పది నిమిషాలు, మధ్యస్థంగా చెప్పండి, అంటే మూడో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా. తర్వాత విడదీయండి: చిన్నవాళ్ళు బొమ్మ గీస్తారు, మధ్యవాళ్ళు కథను ఆడి చూపిస్తారు, పెద్దవాళ్ళు బైబిల్ తెరిచి అదే కథ ఇంకో సువార్తలో ఎలా ఉందో చూస్తారు. పెద్ద పిల్లలకు ఊరికే కూర్చోవడం నామోషీగా ఉంటుంది, ఏదో ఒక బాధ్యత ఇవ్వండి. కానీ ప్రతివారం చిన్నపిల్లల్ని ఎత్తుకునే పనే ఇస్తే, ముఖ్యంగా ఆడపిల్లలకు, వాళ్ళు నేర్చుకునేది ఏమీ ఉండదు.

కథ చెప్పడం నాకు రాదు. చదివి వినిపిస్తే సరిపోదా?

చదవడం అవసరమే. కానీ అంతకుముందు పిల్లలు ఆ చోటికి వెళ్ళాలి. ఎలాగంటారా, నాకు బాగా పని చేసిన ఒక కథ చెబుతాను.

మార్కు 2, పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొస్తారు, జనం వల్ల లోపలికి పోలేక ఇంటి కప్పు విప్పి కిందికి దించుతారు. సిమెంటు శ్లాబు ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఇది అసలు నమ్మశక్యంగా ఉండదు, డ్రిల్లింగ్ మిషన్ తెచ్చారా అని అడిగాడు ఒకడు. మన సీమలో పాత మట్టి మిద్దె చూసిన పిల్లలకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. దూలాలు, వాటి మీద అడ్డంగా కట్టెలు, పైన కసువు, ఆపైన మట్టి, వానాకాలం ముందు కురవకుండా చౌడు పోస్తారు. మిద్దె మీదికి మెట్లుంటాయి, పైన ధాన్యం ఎండబెట్టుకుంటారు, ఎండాకాలం పడుకుంటారు. పలస్తీనాలో ఆ కాలపు ఇళ్ళూ అదే తరహావి, బల్లపరుపు కప్పు, కట్టెలు, మట్టి. అలాంటి కప్పును చేత్తోనే తవ్వొచ్చు. తవ్వితే ఏమవుతుంది? కిందున్నవాళ్ళ నెత్తిన మట్టి పడుతుంది. నేను కథ అక్కడ ఆపి పిల్లల్ని అడుగుతాను: "యేసయ్య మాట్లాడుతున్నాడు. పైనుంచి మట్టి రాలుతోంది. ఇంటాయన ఏమనుంటాడు?" ఇక చూడండి, ఒక్కరు కూడా ఊరుకోరు.

తర్వాత ఒక పాత దుప్పటి తీసుకుని నాలుగు కొసలు నలుగురికి ఇచ్చి, అందరిలోకి తేలికైన పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టి జానెడెత్తు మాత్రమే లేపి నాలుగడుగులు నడవమంటాను. ఒక కొస వదిలితే ఏమవుతుందో వాళ్ళకు చేతులకే తెలుస్తుంది. అప్పుడు బైబిల్ తెరిచి 5వ వచనం చదువుతాను, యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంటుంది. ఆ "వారి" దగ్గర ఇంకేమీ వివరించక్కర్లేదు, చేతులు ఇంకా నొప్పి పెడుతుంటాయి.

లూకా ఇదే కథ చెబుతూ పెంకులు విప్పారంటాడు (5:19). మీది పెంకుటిళ్ళ ఊరైతే లూకా నుంచి చెప్పండి.

మా దగ్గర ప్రొజెక్టర్ లేదు, ఫ్లాష్ కార్డులు కూడా పాతబడిపోయాయి.

సున్నం ఉందా? కబడ్డీ కోర్టు గీస్తామే, ఆ సున్నం.

1986లో కరువొచ్చి గలిలయ సరస్సులో నీళ్ళు తగ్గిపోయినప్పుడు బురదలో ఒక పాత పడవ బయటపడింది. ఇంచుమించు యేసు కాలానిది. పొడవు దాదాపు 8.2 మీటర్లు, వెడల్పు 2.3 మీటర్లు, అంటే మన లెక్కలో 27 అడుగులు, ఏడున్నర అడుగులు. చర్చి ఆవరణలో ఆ కొలతకు పడవ ఆకారం సున్నంతో గీయండి. అందులోకి 13 మందిని పంపండి. ఒకరు వెనక కొసన పడుకోవాలి, ఎందుకంటే యేసు అమరమున తలగడ మీద నిద్రపోతున్నాడని మార్కు 4:38లో ఉంది. అమరం అంటే పడవ వెనక భాగం, మత్స్యకారుల పల్లెల్లో పెద్దవాళ్ళకు బాగా తెలిసిన మాట. ఇక మిగతా 12 మంది ఎక్కడ కూర్చోవాలో వాళ్ళే సర్దుకోనివ్వండి. తుఫాను వస్తే ఎటు పరిగెత్తాలి? గీత దాటితే నీళ్ళే. మా పిల్లలు గీత దాటకుండా ఒకరినొకరు పట్టుకుని ఇరుక్కుని నిలబడ్డారు, అప్పుడు పెద్ద పిల్లవాడి చేత "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అని చదివించాను. వాడు చదవలేదు, అరిచాడు.

సముద్రం అంటారు గానీ అది మంచినీళ్ళ సరస్సు, సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు, చుట్టూ కొండలు. కొండల మీద నుంచి గాలి ఒక్కసారిగా దిగితే అలలు లేస్తాయి. పిల్లలు అడుగుతారు కాబట్టి ఇది తెలిసి ఉండడం మంచిది.

మిగతా వస్తువులు వంటింట్లోనే ఉన్నాయి. ఆవగింజ ఉపమానానికి పోపుల డబ్బా తీసుకెళ్ళి ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ఆవగింజ పెట్టండి, తుమ్మకుండా కథ అయ్యేదాకా పట్టుకోమనండి. పులిసిన పిండికి రాత్రి కలిపిన దోసెల పిండి గిన్నె చాలు.

యూట్యూబ్‌లో బైబిల్ కార్టూన్ వేసేస్తే?

ఎప్పుడో ఒకసారి, పాఠం అయిపోయాక. ముందే వేస్తే ఆ బొమ్మే యేసయ్య అయిపోతుంది, ఇక వాళ్ళ మనసులో వేరే బొమ్మ రాదు. పైగా కార్టూన్లలో బైబిల్లో లేనివి చాలా కలుపుతారు, మీరు ముందు చూడకుండా వేయకండి.

చివర్లో "ఈ కథలో నీతి ఏమిటంటే" అని చెప్పాలా?

వద్దండీ. దీని గురించి గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే మొదటి ఐదేళ్ళు నేను చేసిన తప్పు ఇదే. ఐదు రొట్టెల కథ చెప్పి "కాబట్టి మీ టిఫిన్ బాక్స్ పంచుకోండి" అనేదాన్ని, తుఫాను కథ చెప్పి "కాబట్టి పరీక్షలకు టెన్షన్ పడొద్దు" అనేదాన్ని, జక్కయ్య కథ చెప్పి "దొంగతనం చేయొద్దు" అనేదాన్ని. పిల్లలకు ఆ చివరి మాటే కావాలని తెలిసిపోయింది, కథ మధ్యలోనే చేయి ఎత్తి "అక్కా, అబద్ధం చెప్పకూడదు" అనేవాళ్ళు. ఏ కథకైనా అదే జవాబు! టిఫిన్ పంచుకోమని చెప్పడానికి ఐదు వేలమంది ఆకలీ, మిగిలిన పన్నెండు గంపలూ ఎందుకు?

యేసయ్య చాలా ఉపమానాలను విప్పి చెప్పకుండానే వదిలేశాడు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చాక పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు, తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా లేదా లూకా చెప్పడు. నేను చదివి పుస్తకం మూసి "వెళ్ళాడంటారా?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, నాకు కంగారుగానే ఉంది, అయినా నోరు మూసుకుని కూర్చున్నాను. ముగ్గురు తమ్ముళ్ళున్న ఒక అబ్బాయి "వెళ్ళడు. వెళ్తే మళ్ళీ అన్నీ వాడికే ఇస్తారు" అన్నాడు. వెనకనుంచి ఒక పాప "నాన్నే బయటికొచ్చి పిలిచాడు కదా, ఆకలైతే వెళ్తాడు" అంది. ఆ ఇద్దరూ ఇంటికెళ్ళే దారి పొడుగునా వాదించుకున్నారని వాళ్ళమ్మలు చెప్పారు. నేను నీతి చెప్పి ఉంటే ఆ వాదన ఉండేది కాదు.

అడగడానికి నా దగ్గర మూడే ప్రశ్నలు ఉంటాయి. నీకు ఏది నచ్చింది? ఏది అర్థం కాలేదు? నువ్వు అక్కడ ఉంటే ఎక్కడ నిలబడేవాడివి? మూడోది అడిగాక కనీసం పదిదాకా మనసులో లెక్కపెట్టండి.

మంచి సమరయుడి కథలో కులం గురించి మాట్లాడొచ్చా? పెద్దవాళ్ళు గొడవ చేస్తారేమో.

మాట్లాడాలి. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడూ లేవీయుడూ (గుడి సేవ చేసేవాళ్ళు) చూసి పక్కనుంచి పోతారు, సమరయుడు ఆగి ఆదుకుంటాడు. ఆ కథను "దారిలో దెబ్బ తగిలినవాళ్ళకు సాయం చేయండి" అని కుదిస్తే యేసయ్య సమరయుణ్ణే ఎందుకు ఎంచుకున్నాడో పోతుంది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను 4:9లో రాసే ఉంది. ఇది మన పల్లెల్లో పిల్లలకు వివరించక్కర్లేదు. హోటల్లో వేరే గ్లాసు, గుడి దగ్గర ఆగిపోవడం, ఎవరింట్లో ఎవరు నీళ్ళు తాగరు, ఇవన్నీ వాళ్ళు చూస్తూనే ఉన్నారు, విన్నారు. చర్చి గడప దగ్గర కూడా కులం ఆగిపోలేదు, సంబంధాలు చూసేటప్పుడు తెలుస్తుంది, కొన్నిచోట్ల సమాధుల దగ్గరా తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఏ పిల్లనూ "మీరెవరు" అని కులం అడగకూడదు, ఒకరిని చూపించి ఉదాహరణ చెప్పకూడదు. ఇంకొకటి, యాజకుణ్ణీ లేవీయుణ్ణీ చూపించి యూదులంతా చెడ్డవాళ్ళన్నట్టు చెప్పకూడదు, యేసూ ఆయన శిష్యులూ యూదులే.

చెప్పే పద్ధతి: యెరూషలేము నుంచి యెరికోకు "దిగి వెళ్లుచు" అని ఉంది కదా, అది నిజంగా దిగుడే, పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారిలో వెయ్యి మీటర్ల దాకా దిగాలి. నల్లమలలో గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే ఘాట్ రోడ్డు రాత్రిపూట ఊహించుకోమంటాను, మా పిల్లలకు అది తెలుసు. పాత్రలు పంచేటప్పుడు అందరూ సమరయుడే కావాలంటారు. నేను అందరినీ దెబ్బలు తిన్న మనిషిగా పడుకోమంటాను, కళ్ళు సగం తెరిచి. నడిచిపోయే పాదాలే కనిపించాలి. ఒక జత వచ్చింది, ఆగింది, అవతలి పక్కకు పోయింది. ఇంకో జత. తర్వాత మూడో జత, ఎవరి చేయి తగలకూడదని చిన్నప్పటి నుంచి నీకు చెప్పారో ఆ మనిషిది. ఇప్పుడు ఆ చేయి నిన్ను లేపుతోంది, వద్దంటావా? ఈ ప్రశ్నకు పిల్లలు తడుముకోరు, పెద్ద తరగతి వాళ్ళే కాసేపు ఆగుతారు.

ఆ మనిషిని సమరయుడు "పూటకూళ్లవాని" ఇంటికి తీసుకెళ్ళి రెండు దేనారాలు ఇస్తాడు. పూటకూళ్ళ ఇల్లంటే పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు. ఎంత చక్కటి మాట, పిల్లలకు తప్పక చెప్పండి.

కంఠత వాక్యాలకు బహుమతులు ఇవ్వాలా?

చిన్న పెన్సిలో బిస్కెట్టో ఫరవాలేదు, అందరికీ. ఫస్ట్, సెకండ్, థర్డ్ మాత్రం నేను మానేశాను. నోరు తిరగని పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు ఆదివారం పొద్దున కడుపునొప్పి అని ఇంట్లోనే ఆగిపోవడం చూశాక మానేశాను.

సిలువ గురించి చిన్నపిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

సువార్తలు చెప్పినంతవరకు. మేకులు, రక్తం గురించి సువార్తలు నిజానికి చాలా తక్కువ చెబుతాయి, "ఆయనను సిలువ వేసిరి" అన్నంత క్లుప్తంగా. మనమే సినిమాలా పెంచుతాం. ఐదేళ్ళలోపు వాళ్ళకు యేసయ్యను చంపేశారు, స్నేహితులు ఏడ్చారు, మూడో రోజున లేచాడు అని ఒకే ఆదివారం పూర్తిగా చెప్పండి. గుడ్ ఫ్రైడే కథ చెప్పి ఈస్టర్ దాకా ఆ చిన్నపిల్లల్ని భయంతో వదిలేయకూడదు. నరకం మంటలు చూపించి చేతులు ఎత్తించడం దయచేసి చేయకండి. నేను చిన్నప్పుడు వెళ్ళిన ఒక వి.బి.ఎస్.లో అలాగే చేశారు, ఆ తర్వాత ఎన్ని రాత్రులు మా అమ్మ కొంగు పట్టుకుని పడుకున్నానో.

"మా నాన్నను యేసయ్య ఎందుకు బాగుచేయలేదు?" అని అడిగితే?

అడుగుతారు. నన్ను అడిగింది 2021లో కరోనాకు నాన్న పోయిన తొమ్మిదేళ్ళ బాబు. ఆ రోజు యాయీరు చనిపోయిన కూతురి కథ, మార్కు 5. పన్నెండేళ్ళ పాప చేయి పట్టుకుని "తలీతాకుమీ" అన్నాడు, పాప లేచి నడిచింది, తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఇదంతా ఎంతో సంతోషంగా చెప్పాను, ఎదురుగా ఎవరు కూర్చున్నారో తలచుకోకుండా. ఆ తప్పు నాదే.

"నాకు తెలీదు నాన్నా" అన్నాను. అదే నిజం. దేవుడికి ఇష్టమై తీసుకెళ్ళిపోయాడు, మంచివాళ్ళని త్వరగా పిలుచుకుంటాడు, మీ విశ్వాసం చాల్లేదు, ఈ మూడు మాటలూ పిల్లల ముందు ఎప్పుడూ అనకండి. మొదటిది వింటే దేవుడు దొంగలా కనిపిస్తాడు, రెండోది వింటే మంచిగా ఉండాలంటే భయం, మూడోది వింటే నాన్న చావుకు తానే కారణమనుకుంటాడు. కాసేపయ్యాక యోహాను 11 తీసి చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను" అన్నది వాడి చేతనే చదివించాను. లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు చూడు అన్నాను. వాడు "ఎంతసేపు ఏడ్చాడు?" అని అడిగాడు. అది రాయలేదురా అన్నాను. ఆ రోజు ఇంకేం పాఠం జరగలేదు.

అలాంటి పిల్లలున్న తరగతిలో స్వస్థత కథలు మానక్కర్లేదు. ముందురోజు వాళ్ళమ్మకు ఫోన్ చేసి రేపు ఈ కథ చెబుతున్నామని చెప్పండి, తరగతిలో ఆ పిల్ల పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి.

ఒక సువార్తలో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా ఉందని పిల్లలు పట్టుకుంటున్నారు.

మెచ్చుకోండి! యెరికో దగ్గర మార్కులో గుడ్డివాడు ఒక్కడే, పేరు బర్తిమయి, మత్తయిలో ఇద్దరు. రొట్టెల కథ నాలుగింటిలోనూ ఉంది గానీ ఆ రొట్టెలు, చేపలు ఉన్న చిన్నవాడి సంగతి యోహాను ఒక్కడే చెబుతాడు. ఒకే పెళ్ళికి వెళ్ళొచ్చిన నలుగురిని అడిగితే నలుగురూ ఒకేలా చెప్పరు కదా అంటే పిల్లలకు సరిపోతుంది. పెద్ద తరగతికి రెండు భాగాలు పక్కపక్కన పెట్టి తేడాలు రాయమనండి. క్రిస్మస్ స్కిట్ ముందు ఇది చాలా బాగుంటుంది: జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు, వాళ్ళు వచ్చింది "ఇంటిలోనికి", గొర్రెల కాపరులేమో లూకాలో ఉన్నారు. స్కిట్‌లో అందరినీ ఒకే స్టేజీ మీద నిలబెడతాం, ఫరవాలేదు, కానీ పిల్లలకు తెలిసి నిలబడితే మంచిది.

పక్కింటి హిందూ, ముస్లిం పిల్లలు కూడా వి.బి.ఎస్.కు వస్తారు. వాళ్ళకెలా?

అమ్మానాన్నలకు చెప్పి, వాళ్ళు సరేనంటేనే రానివ్వండి. వచ్చాక అందరితో సమానం. వాళ్ళ దేవుళ్ళ గురించి ఒక్క తక్కువ మాట అనకూడదు, ప్రార్థనకు కళ్ళు మూసుకోమని బలవంతపెట్టకూడదు, ఇంట్లో తెలియకుండా ఏదీ చేయించకూడదు. కథ వింటారు, ఆడతారు, పాడతారు, ఇంటికెళ్తారు.

పిల్లల భద్రత విషయంలో ఏం చూసుకోవాలి?

ఏ గదిలోనైనా ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. ఒక టీచర్ ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, బండి మీద ఒంటరిగా దింపకూడదు, ఆ టీచర్ ఎంత భక్తిపరుడైనా సరే. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఏ పిల్లయినా ఎవరో తనను తప్పుగా తాకారని చెబితే నమ్మండి. 18 ఏళ్ళలోపు వాళ్ళ విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. "సంఘం పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం" అనే మాటకు అసలు లొంగకండి.

మా దగ్గర వచ్చేది ముగ్గురే పిల్లలు. వాళ్ళకోసం ఇంత చేయాలా?

యాయీరు ఇంటికి వెళ్ళేటప్పుడు యేసయ్య వెంట రానిచ్చింది ముగ్గురు శిష్యులనే. ముగ్గురుంటే ఒక్కొక్కరు అడిగింది పూర్తిగా వినడానికి టైమ్ ఉంటుంది, నలభై మంది ఉన్న నాకు అది దొరకదు. దుప్పటి కథకు నలుగురు కావాలి కదా అంటారేమో. లోపల ఒక దిండు పెట్టి, నాలుగో కొస మీరు పట్టుకోండి.